దుబాయ్ నాలుగు గంటలే, మరి ఇంటికి ఆరు రోజులా?



ఈ మధ్య ఒక మాట నా చెవిన పదే పదే పడుతోంది. రాజీవ్ రహదారి పక్కన చాయ్ హోటల్ దగ్గర విన్నాను. ఆరాధన అయ్యాక మందిరం బయట చెప్పులు వేసుకుంటూ మన వాళ్లే అనుకుంటుంటే విన్నాను. "చిన్నోడు అమెరికా నుంచి రెండో రోజుకే అచ్చిండు. పెద్దోడు దుబాయ్‌లనే ఉండి తల్లి మట్టికి అందకపాయె. దుబాయ్ ఎంత? నాలుగు గంటలు." ఏ ఇంటి గురించి అంటున్నారో మీకు తెలుసు. వాళ్లను అడిగి, ఒప్పుకున్నాకే పేర్లు లేకుండా ఇది రాస్తున్నాను. ఆ మాట అన్నవాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ లెక్క తప్పింది. లెక్క తప్పితే తీర్పు కూడా తప్పుతుంది. అందుకే ఈ వారం వాక్యానికి ముందు, మీతో కూర్చుని ఆ లెక్క మొదటి నుండి వేద్దామనుకున్నాను.

విమానాల లెక్క మన బసంత్‌నగర్ వాళ్లకు మరీ కొత్తది కాదు. మన ఊళ్లో సిమెంటు ఫ్యాక్టరీ పక్కనే రన్‌వే ఉంది. 1980లలో వాయుదూత్ వారి చిన్న విమానాలు ఇక్కడికి వచ్చి వెళ్లేవని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత అవి ఆగిపోయాయి, వాయుదూత్ సంస్థ కూడా లేకుండా పోయింది. మళ్లీ విమానాలు వస్తాయన్న మాట మాత్రం ఎన్నికలు వచ్చినప్పుడల్లా వస్తుంది. అంటే రన్‌వే పక్కనే పుట్టి పెరిగిన పిల్లవాడు విమానం ఎక్కాలంటే శంషాబాద్ దాకా పోవాలి. పక్షి ఎగిరినట్టు నేరుగా కొలిస్తే ఇక్కడి నుండి శంషాబాద్ 190 కిలోమీటర్లు ఉంటుంది. రోడ్డు మీద దాదాపు 250. కరీంనగర్, సిద్దిపేట దాటుకుని, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి వెళితే ఐదారు గంటలు. దుబాయ్ ప్రయాణంలో మన వాళ్లకు గాలిలో కంటే నేల మీదే ఎక్కువ సేపు పడుతుందన్నమాట. లెక్కలో మొదటి సంగతి ఇది.

రెండోది, గాలిలో దూరం. హైదరాబాద్ నుండి దుబాయ్‌కి నేరుగా దాదాపు 2,550 కిలోమీటర్లు. పెద్ద విమానం పైకి చేరాక గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ లెక్కన మూడు గంటల్లో చేరాలి. మరి టికెట్టు మీద నాలుగు గంటలు ఎందుకుంటుంది? విమాన సంస్థలు చెప్పే సమయం గాలిలో ఉన్న సమయం ఒక్కటే కాదు. ఇక్కడ గేటు దగ్గర కదిలినప్పటి నుండి అక్కడ గేటు దగ్గర ఆగే వరకు లెక్క. రన్‌వే వరకు మెల్లగా పోవడం, వరుసలో నిలబడడం, పైకి ఎక్కడం, దిగే ముందు చుట్టు తిరగడం, అన్నీ అందులోనే ఉంటాయి.

పోయేటప్పటి సమయం, వచ్చేటప్పటి సమయం కూడా ఒకటి కావు. పైన ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, గాలి పడమర నుండి తూర్పుకు బలంగా వీస్తుంది. దుబాయ్ పోయేటప్పుడు విమానం ఆ గాలికి ఎదురీదాలి. ఇంటికి వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుండి నెడుతుంది. అందుకే పోవడానికి నాలుగు గంటలైతే రావడానికి మూడున్నర. మన అమ్మలు ఈ మాట వింటే సంతోషిస్తారు. గాలి కూడా పిల్లల్ని ఇంటి వైపే నెడుతుందని.

టికెట్టు మీద గడియారం ఇంకో విధంగా తికమక పెడుతుంది. దుబాయ్ మన కంటే గంటన్నర వెనక. రాత్రి 10 గంటలకు అక్కడ బయలుదేరిన విమానం మూడున్నర గంటలు ఎగిరితే అక్కడి లెక్కలో రాత్రి 1:30. మన గడియారంలో అది తెల్లవారుజామున 3 గంటలు. టికెట్టు చూసిన తల్లిదండ్రులు ఐదు గంటల ప్రయాణం అనుకుంటారు. కొడుకు పోయేటప్పుడు మాత్రం రెండున్నర గంటలే అనిపించి ఉంటుంది. దూరం ఒకటే, విమానం ఒకటే, కానీ గడియారం చూసేవాడు ఎక్కడున్నాడన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది.

ఇక అమెరికా సంగతి. గోడ మీద పటం చూసి అమెరికా అంటే పడమరకు పోవాలనుకుంటాం. పటం బల్లపరుపు, భూమి గుండ్రన. ఇంట్లో పుచ్చకాయ ఉంటే దాని మీద హైదరాబాద్‌కు ఒక చుక్క, షికాగోకు ఒక చుక్క పెట్టి, మధ్య దారం బిగించి లాగి చూడండి. ఆ దారం పడమరకు పోదు, దాదాపు నేరుగా ఉత్తరానికి ఎక్కి, ధ్రువానికి చేరువగా పోయి అవతలికి దిగుతుంది. ఆ దారి దాదాపు 13,300 కిలోమీటర్లు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమానం ఒకటి శాన్‌ఫ్రాన్సిస్కో నుండి ఉత్తర ధ్రువం మీదుగా ఎక్కడా ఆగకుండా బెంగళూరు చేరింది. నడిపింది నలుగురు మహిళా పైలట్లు. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వం వహించగా, వారిలో మన తెలుగు ఆడబిడ్డ పాపగారి తన్మయి కూడా ఉన్నారు. పటం మీద వంకరగా కనబడే దారే నిజానికి దగ్గర దారి అని పైలట్లకు తెలుసు. మనమేమో ఎదుటివారి దారిని గోడ మీద పటం చూసి కొలుస్తాం.

ఆకాశంలో గీత గీసినంత మాత్రాన ఆ గీత మీద పోనిస్తారని కూడా లేదు. 2019లో ఫిబ్రవరి చివరి నుండి జూలై వరకు, మళ్లీ 2025 ఏప్రిల్ చివరి నుండి, పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకు మూసింది. ఢిల్లీ నుండి యూరప్, అమెరికా పోయే మన విమానాలు చుట్టు తిరిగి పోవలసి వచ్చింది. ఇంధనం ఎక్కువ, గంటలు ఎక్కువ. భూమి మారలేదు, ఊళ్లు మారలేదు. పోనిచ్చేవాడు పోనివ్వలేదు, దూరం పెరిగింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు ఆ ఇంటి సంగతి. పెద్దాయన గోదావరిఖనిలో బాయి దిగి రిటైరైన మనిషి. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు పదో తరగతి తర్వాత చదువు ఆపి దుబాయ్ పోయాడు, కట్టడాల పని. చిన్నవాడు బాగా చదివేవాడు. వాడి ఇంజనీరింగ్ ఫీజు, తర్వాత అమెరికా చదువుకు కావలసిన డబ్బులో చాలా భాగం, పెద్దవాడు ఎండలో నిలబడి సంపాదించిందే. తల్లి ప్రతి ఆదివారం కానుక వేస్తూ ఇద్దరి పేర్లూ మెల్లగా పలికేది. పక్కన నిలబడిన వాళ్లకు వినబడేది.

ఆమె ఒక చలికాలపు బుధవారం సాయంత్రం గుండెపోటుతో ప్రభువునందు నిద్రించింది. రాత్రి 8 గంటలకు ఇద్దరు కొడుకులకూ ఫోన్లు పోయాయి. దుబాయ్‌లో అప్పుడు సాయంత్రం ఆరున్నర, షికాగోలో ఉదయం ఎనిమిదిన్నర.

చిన్నవాడి పాస్‌పోర్టు వాడి బీరువాలోనే ఉంది. ఆఫీసుకు ఒక మెయిల్ పెట్టి, ఆ సాయంత్రమే షికాగోలో విమానం ఎక్కాడు. దొరికిన టికెట్టు దుబాయ్ మీదుగా. షికాగో నుండి దుబాయ్ 11,600 కిలోమీటర్ల పైన, దాదాపు పద్నాలుగు గంటలు. దుబాయ్ విమానాశ్రయంలో మూడు గంటలు ఆగి, రాత్రి 10 గంటలకు ఇంకో విమానం. శుక్రవారం తెల్లవారి 3 గంటలకు శంషాబాద్. ఉదయం తొమ్మిదిన్నరకు మన ఊరు. కబురు అందినప్పటి నుండి ముప్పై ఏడున్నర గంటలు.

పెద్దవాడి పాస్‌పోర్టు వాడి దగ్గర లేదు. కంపెనీ ఆఫీసులో ఉంది. గురువారం పొద్దున్నే అడిగాడు. పాస్‌పోర్టుల బీరువా చూసే మనిషి సెలవులో ఉన్నాడన్నారు. శుక్రవారం అడిగితే సంతకం పెట్టవలసినవారు లేరన్నారు. శని, ఆది ఆఫీసు మూత. సోమవారం మధ్యాహ్నం పాస్‌పోర్టు చేతికి వచ్చింది. ఆ రాత్రి 10 గంటల విమానం, తమ్ముడు ఎక్కిన వేళకే. మంగళవారం తెల్లవారి 3 గంటలకు శంషాబాద్, ఉదయం 9 గంటలకు ఇల్లు. మొత్తం నూట ముప్పై మూడు గంటలు.

ఇప్పుడు లెక్క వేయండి. చిన్నవాడు రోడ్డుతో కలిపి దాదాపు 14,450 కిలోమీటర్లు ముప్పై ఏడున్నర గంటల్లో వచ్చాడు. గంటకు 385 కిలోమీటర్లు. పెద్దవాడు 2,800 కిలోమీటర్లు నూట ముప్పై మూడు గంటల్లో వచ్చాడు. గంటకు 21 కిలోమీటర్లు. సైకిల్ వేగం. అదే ఆకాశం, దాదాపు అదే విమానం. ఒకడు విమానం వేగంతో తల్లి దగ్గరికి వచ్చాడు, ఒకడు సైకిల్ వేగంతో. తేడా ప్రేమలో ఉందా? తేడా బీరువా తాళంలో ఉంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. గురువారం రాత్రి తమ్ముడు దుబాయ్ విమానాశ్రయంలో కూర్చున్న ఆ మూడు గంటలు, అన్న అదే ఊళ్లో సోనాపూర్ క్యాంపులో ఉన్నాడు. మధ్య దూరం గంట ప్రయాణం కూడా లేదు. తమ్ముడు బయటికి రావడానికి వీసా లేదు, అన్న లోపలికి పోవడానికి టికెట్టు లేదు. ఇద్దరూ ఫోన్లోనే ఏడ్చుకున్నారు. "నువ్వు ఎక్కు తమ్మీ, నువ్వన్న అమ్మను సూడు" అన్నాడట అన్న. తమ్ముడు ఈ మాట నాతో చెప్పినప్పుడు సగంలోనే ఆగిపోయాడు.

శుక్రవారం పొద్దున ఇంటి ముందు వేసిన షామియానా కింద ఒకటే ప్రశ్న. ఎప్పుడు? భూస్థాపన వేళ చెప్పవలసింది పాస్టర్ కాబట్టి అందరూ నా వైపే చూశారు. చిన్నవాడు, "అన్న రాకుండా మట్టి వెయ్యద్దు అయ్యగారూ, నా చదువు అన్నది, నా టికెట్టు అన్నది" అన్నాడు. పెద్ద మనుషులు, ఇప్పటికే రెండు రాత్రులు అయ్యాయి, కరెంటు పోతే ఫ్రీజర్ ఏమవుతుంది అన్నారు. అదీ నిజమే. అప్పటికి ఆఫీసు సోమవారం తెరుస్తుందన్నారే గానీ పాస్‌పోర్టు ఆ రోజే ఇస్తారన్న మాట ఎవరూ ఇవ్వలేదు. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి పెద్దకొడుకుకు ఫోన్ కలపమన్నాడు. పెద్దవాడే అన్నాడు, "బాపూ, అమ్మను ఐస్ డబ్బల ఇంక ఉంచద్దు. నా కోసం ఆగద్దు. నేను ఫోన్ల సూస్త." సాయంత్రం 4 గంటలకు భూస్థాపన చేశాం. నేను ప్రార్థన చేస్తుంటే పక్కన ఒక బంధువు ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. సిగ్నల్ రెండుసార్లు పోయింది. రెండుసార్లూ ప్రార్థన ఆపి, మళ్లీ కలిశాక మొదలుపెట్టాను. కొందరికి అది వింతగా అనిపించి ఉండవచ్చు. కానీ ఆ కూడికలో అందరికంటే దగ్గరగా నిలబడవలసినవాడు ఆ ఫోన్లో ఉన్నాడు.

మంగళవారం పెద్దవాడు వచ్చి ఇంటికి కాకుండా నేరుగా సమాధి దగ్గరికే పోయాడు. తర్వాత నాతో ఒక్క మాట అన్నాడు. "తమ్ముడు అంత దూరం కెల్లి అచ్చిండు అయ్యగారూ. నేను గింత దగ్గర ఉండి రాలేకపోయిన." ఊరు అంటున్న మాటే వాడు తన మీద తాను వేసుకున్నాడు. అందుకే ఈ వ్యాసం. ఊరి మాట మనిషి లోపలికి పోయి కూర్చుంటే దాన్ని బయటికి తీయడం చాలా కష్టం.

పెద్దాయన పక్కనే ఉండి విన్నాడు. "బాయిల మేం లీవు పెడితె ఒక మస్టర్ పోయేది, గంతే. ఇంటికి వోవద్దని ఎవడనలే" అన్నాడు కొడుకు భుజం మీద చెయ్యి వేసి. ముప్పై ఏళ్లు భూమి లోపల పనిచేసిన మనిషికి, కొడుకు ఎంత లోతున ఉన్నాడో ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

ప్రియులారా, ఈ మాటలు రాస్తుంటే నాకు ఆదికాండము 50వ అధ్యాయం గుర్తుకొచ్చింది. యాకోబు ఐగుప్తులో కన్నుమూశాడు. కనాను దేశంలో మక్పేలా గుహలో తన పితరుల దగ్గర పాతిపెట్టాలని ముందే కొడుకుతో ప్రమాణం చేయించుకున్నాడు. ఆ కొడుకు ఎవరు? యోసేపు. ఐగుప్తులో ఫరో తర్వాత అంతటివాడు. దేశంలో ధాన్యమంతా అతని మాట మీద కదిలేది. అటువంటి యోసేపు తండ్రిని పాతిపెట్టడానికి ఏం చేశాడు? సెలవు అడిగాడు. అది కూడా నేరుగా కాదు, ఫరో ఇంటివారి ద్వారా కబురు పెట్టాడు. తండ్రి తన చేత ప్రమాణం చేయించాడని చెప్పాడు, పాతిపెట్టి తిరిగి వస్తానని మాట ఇచ్చాడు. పిల్లలను, మందలను గోషెనులోనే విడిచి వెళ్లారని వాక్యం చెబుతుంది.

గోషెను నుండి హెబ్రోనుకు నేరుగా కొలిస్తే మూడు వందల పైచిలుకు కిలోమీటర్లు. రథాలున్న యోసేపుకు అది పెద్ద దూరం కాదు. కానీ ఆ దూరానికి ముందు ఇంకో దూరం ఉంది. తన చోటు నుండి ఫరో నోటి మాట వరకు ఉన్న దూరం. పరాయి దేశంలో పని చేసేవాడు ఎంత పెద్ద పదవిలో ఉన్నా ఆ దూరం దాటక తప్పదు. యోసేపు ఫరో వెళ్లమన్నాడు, రథాలు కూడా పంపాడు. మన వాడి ఫరో సెలవులో ఉన్నాడు.

బైబిల్లో దూరాలను ఎలా కొలిచారో చూడండి. ఎమ్మాయు గ్రామం యెరూషలేముకు ఎంత దూరమో చెప్పడానికి మన తెలుగు అనువాదకులు ఆమడ అనే మాట వాడారు, మన తాతలు వాడిన కొలత. అపొస్తలుల కార్యముల మొదటి అధ్యాయంలో ఒలీవల కొండ దూరాన్ని ఇంకో రకంగా చెప్పారు. విశ్రాంతి దినాన ఒక మనిషి నడవడానికి అనుమతి ఉన్నంత దూరం అని. అది దాదాపు ఒక కిలోమీటరు. కాళ్లు ఎంత నడవగలవన్నది కాదు, ఎంత వరకు నడవనిస్తారన్నది అక్కడ కొలత. ఈ కొలత నాకు చాలా నిజంగా కనబడుతుంది. దుబాయ్ నుండి బసంత్‌నగర్ ఎంత దూరం అని ఎవరైనా అడిగితే కిలోమీటర్లలో చెప్పకండి, గంటల్లో చెప్పకండి. వాడి పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉందో అడగండి. సెలవు ఇచ్చే మనిషి ఎక్కడున్నాడో అడగండి. అదే దూరం.

ఇప్పుడు మనం చేయవలసినవి కొన్ని చెబుతాను. దుఃఖం వచ్చిన రోజు ఇవేవీ గుర్తుకు రావు, కాబట్టి ముందే.

గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. యూఏఈ చట్టం ప్రకారం పనివాడి పాస్‌పోర్టును యజమాని తన దగ్గర పెట్టుకోవడానికి వీల్లేదు. ఈ సంగతి తెలిసి ఉండండి. గొడవ పడమని నేను చెప్పడం లేదు, మీ ఉద్యోగం మీ ఇంటి అన్నం అని నాకు తెలుసు. మర్యాదగా అడిగి తెచ్చుకుని భద్రంగా పెట్టుకోండి. అది కుదరకపోతే కనీసం బీరువా చూసే మనిషి ఫోన్ నంబరు, అతను లేనప్పుడు చూసే మనిషి నంబరు రాసి పెట్టుకోండి. పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం కాగితాలు ఫోటో తీసి ఇంటికి పంపండి. అక్కడి 2021 నాటి కార్మిక చట్టంలో తల్లి గానీ తండ్రి గానీ చనిపోతే మూడు రోజులు జీతంతో కూడిన సెలవు ఉంది. రానుపోను ప్రయాణానికే రెండు రోజులు పోతాయి కాబట్టి, మిగతా రోజులకు వార్షిక సెలవులో నుండి ఎలా తీసుకోవాలో ముందే కనుక్కోండి.

ఇక్కడి కుటుంబాల వాళ్లారా. ఆపద వస్తే దుబాయ్‌లో మన కాన్సులేట్ తరఫున ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. ప్రభుత్వం వారి మదద్ అనే పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. ఆఫీసు మూసి ఉన్న రోజుల్లో ఎవరిని పట్టుకోవాలో తెలియక ఆ ఇంటివాళ్లు పడిన బాధ ఇంకో ఇల్లు పడకూడదు. మన సంఘంలో ఒక నోటుబుక్కు పెట్టాం. ఏ ఇంటి నుండి ఎవరు ఎక్కడున్నారు, పాస్‌పోర్టు చేతిలో ఉందా లేదా, తర్వాతి సెలవు ఎప్పుడు, ఇవి అందులో రాస్తున్నాం. ఇద్దరు యవ్వనస్థులు దాన్ని చూసుకుంటారు. ఇంకా పేరు ఇవ్వనివాళ్లు ఈ ఆదివారం ఇవ్వండి.

ఇంకొకటి, కష్టమైనది. యాకోబు బతికుండగానే తన భూస్థాపన గురించి కొడుకుతో మాట్లాడాడు. మనం ఆ మాట ఎత్తితే అపశకునం అంటాం. పిల్లలు దూరంగా ఉన్న తల్లిదండ్రులు ఒకరోజు కూర్చుని చెప్పండి. మా కోసం ఎంతసేపు ఆగాలి, ఎవరు రాకపోయినా కానివ్వాలి, ఎవరు వచ్చేదాకా ఆగాలి. ఆ రోజు షామియానా కింద ఆ మాట కొడుకు నోట రావలసి వచ్చింది. తల్లి ముందే చెప్పి ఉంటే వాడి గుండె మీద ఆ బరువు ఉండేది కాదు. ఈ సంగతి ఒక కుటుంబ ప్రార్థనలో చెప్పినప్పుడు, ఎనభై దాటిన ఒక అవ్వ వెంటనే అంది: "నా కోసం ఎవలను ఆగద్దనుర్రి. పానం ఉన్నప్పుడే ఒకపారి అచ్చి పొమ్మనుర్రి." అందరూ నవ్వారు. మరుసటి నెలలో ఆమె మనవడు సెలవు పెట్టుకుని వచ్చి పది రోజులు ఉండి పోయాడు.

చివరగా మనందరికీ. విమానాల టైమ్‌టేబుల్ చూసి మనుషుల ప్రేమను కొలవకండి. ఎవరు మొదట వచ్చారు, ఎవరు ఆలస్యంగా వచ్చారు, ఎవరు ఫోన్లోనే ఏడ్చారు, ఈ లెక్కలు చావింట్లో పెట్టవద్దు. ఆ పెద్దవాడు తల్లిని చూడడానికి ఆ వారం ఐదున్నర రోజులు ప్రయాణం చేశాడు. విమానంలో ఉన్నది మూడున్నర గంటలే. మిగతా ప్రయాణమంతా ఒక ఆఫీసు తలుపు ముందు నిలబడి చేశాడు. అతన్ని ఎక్కడైనా చూస్తే "దూరం నుంచి వచ్చినవ్ బిడ్డా" అనండి. అది అబద్ధం కాదు, నేను లెక్క వేసి చూపించాను.

మన ప్రార్థనకు మాత్రం ఈ దూరాలేవీ లేవు. సోనాపూర్ క్యాంపులో మంచం మీద కూర్చుని ఎత్తిన చేతులైనా, షికాగోలో మంచులో కారు ఆపుకుని ఎత్తిన చేతులైనా, మన మందిరంలో ఎత్తిన చేతులైనా తండ్రి ముందుకు ఒకేసారి చేరతాయి. ఆయన ముందుకు పోవడానికి ఎవరి సంతకమూ అక్కరలేదు. ఆయన సెలవులో ఉండడు.

ఈ వారం ప్రార్థన అంశం: ఇంటికి రావాలని ఉండి రాలేకపోతున్న పిల్లల కోసం, వాళ్ల సెలవు కాగితం మీద సంతకం పెట్టవలసిన మనుషుల మనసు మెత్తబడడం కోసం, కొడుకుల కోసం ఎదురుచూస్తున్న తల్లుల ఆయుష్షు కోసం. బుధవారం సాయంత్రం ఏడున్నరకు కూడిక. దుబాయ్‌లో ఉన్నవాళ్లకు అది ఆరు గంటల వేళ. డ్యూటీ దిగినవాళ్లు ఫోన్లో కలవండి. సిగ్నల్ పోతే ఆగుతాం.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమెన్.

ప్రభువు సేవలో,
మీ పాస్టర్, బసంత్‌నగర్